చిన్న కాయిలా, పెద్ద కాయిలా

3, సోమవారం

వదిన మళ్ళీ ఫోన్ చేసింది. "నేను ఎవర్నీ ఏమీ అనడం లేదయ్యా. ఉంగరానికి కాళ్ళొచ్చి నడిచెళ్ళిపోదు కదా, ఆ మాటే అంటున్నా" అంది. ఏమీ అనకుండానే ఇంత అంటే, అనదలచుకుంటే ఇంకెంత అంటుందో!

జరిగింది వరసగా రాసుకుంటే నాకే మంచిది. పోయిన నెలలో అన్నయ్యా వదినా మా ఇంటికి భోజనానికి వచ్చారు. వదిన వేలికి అమ్మ ఉంగరం ఉంది. అమ్మ పోయాక పెద్దకోడలని ఆవిడకే ఇచ్చాం. చేతులు కడుక్కునే ముందు దాన్ని తీసి కంచం పక్కన పెట్టానంటుంది. మా ఆవిడ కంచాలు తీసేసి, బల్ల మీది గుడ్డను నాలుగు మూలలా ఎత్తి పట్టుకెళ్ళి, పెరటి గోడ మీంచి అవతలి ఖాళీ స్థలంలోకి దులిపింది. అలా దులపొద్దని లక్షసార్లు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఎంగిలి మెతుకులూ, చేతులు తుడుచుకున్న కాగితాలూ, వాటితోపాటు ఉంగరమూ గోడ అవతల పడి ఉంటుందని ఆమె అంటోంది.

పడి ఉంటుంది. నేను మా ఆవిడను పూర్తిగా నమ్ముతున్నాను. అందులో రెండో మాట లేదు. వదిన నోరు మూయించాలంటే వస్తువు కనబడాలి, అందుకే వెతుకుతున్నాను, అంతే. ఈ సంగతి ఇక్కడ రాసి పెట్టుకోవడం మంచిది.

4, మంగళవారం

మా ఆవిడ రాత్రి అన్నం తినలేదు. అడిగితే ఆకలి లేదంది. నాకు ఆకలిగానే ఉంది, తిన్నాను.

6, గురువారం

మా తూనికలు కొలతల ఆఫీసు గుమాస్తాను అందరం గడ్డపార అంటాం. సెలవు దొరికితే చాలు, మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని పాత నాణేల కోసం ఊళ్ళ వెంట తిరుగుతాడు. ఇన్నేళ్ళూ అతన్ని చూసి నవ్వాను. ఈ రోజు అతని బల్ల దగ్గరికి నేనే వెళ్ళి నిలబడ్డాను. 

"ఏం పోయింది గురూ?" అన్నాడు.

"ఉంగరం."

"ఎవరిది?"

"మా అమ్మది."

అంతకంటే చెప్పలేదు. పాత మెషీను ఒకటి ఇస్తానన్నాడు. చివర తగిలించే గుండ్రటి పళ్ళెం లాంటిదాన్ని కాయిల్ అంటారట. నేల కింద ఉన్నదాన్ని పసిగట్టేది అదే. దీనికి ఉన్నది పెద్దది, అన్నం కంచమంత. "చెత్త నేలకి ఇది పనికిరాదు. చిన్నది ఒకటి చూసుకో" అన్నాడు. పెద్దదైతే ఒక్క ఊపులో ఎక్కువ జాగా తిరగొచ్చు కదా! నాకేమో పని త్వరగా తేలాలి.

9, ఆదివారం

పొద్దున్నే గోడ దూకాను. దూకడం అంటే ఎక్కి దిగడమే, ఈ వయసుకి అదే దూకుడు.

అక్కడ ఒకప్పుడు మరమ్మతుల షెడ్డు ఉండేది. కూల్చి వదిలేశారు. మేకులు, తుప్పు తీగలు, సీసా మూతలు, రేకు ముక్కలు, నలిపిపారేసిన అల్యూమినియం పొట్లాలు. మెషీను ఆన్ చేశానో లేదో, పిచ్చివాళ్ళంతా ఒకేసారి ఈలలు వేసినట్టు మోత మొదలైంది. అడుగు వెయ్యనివ్వదు. గడ్డపార చెప్పినట్టు ఇనుము మీద నోరు మెదపకుండా ఉండేలా మీట తిప్పాను. అప్పుడు కాస్త ఊపిరాడింది. మోగిన చోటల్లా తవ్వాను. మూతలు, రేకులు, ఒక చెంచా తల.

గోడ పక్క జాగా, అంటే మా ఆవిడ గుడ్డ దులిపిన చోటు, ఒకటికి రెండుసార్లు తిరిగాను. అక్కడ మెషీను కిక్కురుమనలేదు.

ఇంట్లోకి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. "దొరికిందాండీ?" అంది. ఆ ముఖంలో ఎంత ఆశో!

"కాయిల్ సరైంది కాదు" అన్నాను.

10, సోమవారం

అక్కడ ఉంగరం లేదు. లేదా ఈ కాయిల్‌కి వినబడలేదు. రెండూ ఒకటి కావు. ఒకటి కావు, ఒకటి కావు.

11, మంగళవారం

మధ్యాహ్నం గడ్డపార టిఫిన్ డబ్బా మూత మీద ఒక గుండుసూది, ఒక రాగి పైసా పక్కపక్కన పెట్టి పాఠం చెప్పాడు. పెద్ద కాయిల్ ఒకేసారి చాలా జాగా చూస్తుంది. దాని కింద మేకూ ఉంగరమూ కలిసి ఉంటే రెంటినీ విడదీయలేదు. ఇనుము మీద నోరు మూసుకోమన్నాం కాబట్టి ఉంగరం మీద కూడా నోరు మూసుకుంటుంది. చిన్న కాయిల్ అయితే మేకును దాటాక ఉంగరాన్ని విడిగా పట్టుకుంటుంది. పైగా సన్నటి బంగారం, సిగరెట్ పెట్టె రేకు, రెండూ మెషీనుకు దాదాపు ఒకేలా మోగుతాయట. రేకులు విసుగనుకుని వాటినీ నోరు మూయిస్తే బంగారం నోరూ మూసినట్టే.

"మరి చిన్నదానికి లోతు తక్కువ కదా?" అన్నాను.

"నెల కింద పడ్డ ఉంగరం పాతాళానికి పోతుందా గురూ?"

నిజమే. అయినా చిన్నవాటిల్లో గుండ్రంది ఉంది, గుడ్డు ఆకారంలో ఉన్నది ఉంది. గుండ్రంది మరీ చిన్నది, ఆ స్థలమంతా దాంతో తిరగాలంటే నాకు రిటైర్మెంట్ వచ్చేస్తుంది. గుడ్డు ఆకారంది మేకుల సందుల్లో దూరుతుంది, కానీ మొన వైపు పట్టు తక్కువని మెషీన్లు అమ్మే కొట్లో ఒకతను అన్నాడు. ఎవరి మాట వినాలి?

13, గురువారం

గుండ్రందే.

14, శుక్రవారం

గుండ్రంది కాదు. గుడ్డు ఆకారంది. ఆఫీసులో ఒక అంగడి కాటా పరీక్షిస్తూ కూడా ఇదే ఆలోచన. గడ్డపార చూసి నవ్వాడు. "పెళ్ళిసంబంధాలు చూస్తున్నట్టు చూస్తున్నావేంటి కాయిళ్ళని? ఏదో ఒకటి కొని పోయి వెతుక్కో."

వెతికితే దొరకాలి కదా. సరైన కాయిల్‌తో కూడా వెతికి, దొరక్కపోతే? అప్పుడు ఇక కాయిల్‌ని తప్పు పట్టడానికి ఉండదు.

ఈ మాట ఎందుకు రాశానో తెలియదు.

15, శనివారం

ఎందుకో గుర్తొచ్చింది. అమ్మ చివరి రోజుల్లో మంచం దగ్గర ఉన్నది మా ఆవిడే. ఎత్తడం, కడగడం, తినిపించడం, అన్నీ ఆమె చేతుల మీదుగానే. ఉంగరం వదినకు ఇచ్చిన రోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "నాకిస్తారేమో అనుకున్నానండీ, పోన్లెండి" అంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు.

దీనికీ దానికీ సంబంధం లేదు.

16, ఆదివారం

గుడ్డ ఎలా దులిపితే వస్తువు ఎక్కడ పడుతుందో తెలిస్తే వెతికే జాగా తగ్గుతుంది. ఇది మామూలు తెలివి. అందుకని మా ఆవిడను పిలిచి, అదే గుడ్డలో ఒక చొక్కా గుండీ పెట్టి, ఆ రోజు ఎలా దులిపిందో అలాగే దులపమన్నాను. దులిపింది. గుండీ గోడ మొదట్లోనే పడింది. మళ్ళీ దులపమన్నాను. కాస్త ఎడంగా పడింది. మూడోసారి అడిగేసరికి గుడ్డ నా చేతిలో పెట్టింది.

"నన్ను కూడా కాటా మీద పెట్టి తూస్తున్నారా?"

"అబ్బే, జాగా కోసం."

"జాగా చెప్పాను కదండీ. మొదటి రోజే చెప్పాను. ఇక్కడే, ఈ గోడ పక్కనే."

గోడ పక్కనే. నేను రెండుసార్లు తిరిగిన చోటు.

నా ఉద్యోగమే అంత, ఏం చెయ్యను? కాటా మీద రాయి పెట్టాలి, తియ్యాలి, మళ్ళీ పెట్టాలి. ఒకసారి సరిగ్గా చూపించినంత మాత్రాన ముద్ర వెయ్యకూడదు. పాతికేళ్ళుగా ఇదే పని.

18, మంగళవారం

పెరటి గుమ్మం దగ్గర మా ఆవిడ చెప్పులు. అంచుల నిండా తడి మట్టి. మా పెరడంతా గచ్చే, మట్టి లేదు.

అడగలేదు. అడగడానికి ఏముంది?

19, బుధవారం

మట్టి ఈ రోజూ ఉంది.

22, శనివారం

కొనేశాను. గుండ్రందే, చిన్నది, సాసరు కంటే కాస్త పెద్దది. కొట్టతను గుడ్డు ఆకారందే తీసుకోమని ఎంత మొత్తుకున్నా వినలేదు. ఎందుకు గుండ్రంది అంటే చెప్పలేను. రెండూ చేతిలోకి తీసుకున్నాను, ఇది తేలిగ్గా ఉంది. ఇన్నాళ్ళ తర్జనభర్జన చివరికి బరువు దగ్గర తేలింది!

23, ఆదివారం

దొరికింది.

దొరికింది, దొరికింది! గోడ పక్కన మూరెడు జాగా నత్తలా తిరుగుతుంటే, ఒకచోట గరగరమని గొంతు పట్టేసినట్టు చప్పుడు, దాని పక్కనే ఒక చిన్న తీయటి కూత. మళ్ళీ ఊపాను, మళ్ళీ కూత. పైన ఒక తడి కాగితం, దాని కింద వంకర మేకు, మేకును ఆనుకుని అమ్మ ఉంగరం. వేళ్ళతోనే తవ్వేశాను. అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను. సిగ్గేముంది, ఎవరూ చూడలేదు.

లేచి ఇంట్లోకి పరుగెత్తబోయాను. గోడ మీద చెయ్యి వేశాక ఆగిపోయాను.

ఈ చోట నేను రెండుసార్లు తిరిగాను. అప్పుడు మోగలేదు. ఇప్పుడు మోగింది. కాయిల్ మారింది కాబట్టి మోగింది, సరే. మధ్యలో ఇంకేమీ మారలేదా? చెప్పులకు మట్టి ఎందుకుంది?

ఛీ.

"దొరికిందాండీ?" అని మా ఆవిడ అడిగితే "ఇంకా లేదు" అన్నాను. నోటికి ఆ మాటే వచ్చింది. ఉంగరం చొక్కా జేబులో ఉంది.

24, సోమవారం

జేబులోనే ఉంది. ఆఫీసులో ఎన్నిసార్లు తడుముకున్నానో! గడ్డపారకు కూడా చెప్పలేదు. ఊరికే, మాటవరసకు అన్నట్టు అడిగాను. "పెద్ద కాయిల్ మేకు పక్క ఉంగరాన్ని నిజంగానే వదిలేస్తుందా? ప్రతిసారీ?"

"ప్రతిసారీ అని ఎవడు చెబుతాడు గురూ? చాలాసార్లు."

చాలాసార్లు అంటే ఏమిటి అర్థం? కాటా చాలాసార్లు సరిగ్గా తూస్తుందంటే నేను ముద్ర వేస్తానా?

25, మంగళవారం

సాయంత్రం వదిన ఫోన్. ఈసారి నాకు కాదు, మా ఆవిడకు. వదిన గొంతు గది అంతా వినబడుతోంది. "మనసు పడ్డావని నాకు తెలుసే. అత్తయ్యకి చాకిరీ చేశావు, కాదనను. నోరు తెరిచి అడిగి ఉంటే ఇచ్చేద్దును కదా!"

అనేసింది. ఇన్నాళ్ళూ అనకుండా అన్నది ఇవాళ అనేసింది.

"నా పిల్లల మీద ఒట్టక్కా, నేను తియ్యలేదు. నా మాట నమ్మండి" అంటోంది మా ఆవిడ. ఏడుస్తోంది. నేను ఎదురుగా కుర్చీలో ఉన్నాను. ఉంగరం గుండెకు తగులుతోంది. తీసి బల్ల మీద పెడితే సరి, ఏడుపు ఆగిపోతుంది. నోరు తెరిచాను కూడా.

ఇంకొక్క రోజు. పరీక్ష ఒక్కటి అయిపోతే నిశ్చింతగా, గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పొచ్చు. ఆమె కోసమే ఇదంతా.

26, బుధవారం

ఆఫీసుకు వెళ్తున్నట్టే బయల్దేరి, వీధి చివర నుంచి తిరిగి వెనక దారిన ఖాళీ స్థలంలోకి వెళ్ళాను. మెషీను పొద్దున్నే గోడ అవతల పెట్టి ఉంచాను.

అదే గుంట. అదే వంకర మేకు. దాని పక్కన ఉంగరం, పైన తడిపిన కాగితం పెట్టి, మీద మట్టి కప్పాను. చిన్న కాయిల్ ఊడదీసి పెద్దది బిగించాను. మీట ఆ రోజు ఎక్కడ ఉందో అక్కడే పెట్టాను. ఊపాను. మోగలేదు. అటు తిరిగి ఊపాను. మోగలేదు. తవ్విన మట్టి గుల్లగా ఉంటుందని కాలితో తొక్కి మళ్ళీ ఊపాను. ఊహూఁ. ప్రాణం లేచొచ్చింది. పెద్ద కాయిల్‌కి ఈ ఉంగరం వినబడదు. ఆ రోజూ ఇది ఇక్కడే ఉండి ఉంటుంది!

"ఏం చేస్తున్నారండీ?"

గోడ మీంచి మా ఆవిడ. భుజం మీద ఉతికిన బట్టలు, నీళ్ళు కారుతున్నాయి. ఎంతసేపటి నుంచి ఉందో.

నేను వంగి మట్టి తీశాను. ఉంగరం తీశాను. దాచడానికి ఇక ఏముంది?

"ఎప్పుడు దొరికింది?"

"ఆదివారం."

"నిన్న అక్క అన్ని మాటలన్నప్పుడు మీ దగ్గరే ఉందా?"

తలూపాను.

"దొరికినదాన్ని మళ్ళీ ఎందుకు పాతిపెట్టారు?"

చెప్పాను. పెద్ద కాయిల్ గురించి, మేకు గురించి, ఆ రోజు ఎందుకు మోగి ఉండదో, ఈ రోజు మోగకపోవడం ఎందుకు మంచిదో. అంగడివాళ్ళకు చెప్పినట్టు విడమరిచి చెప్పాను. మొత్తం విన్నది.

"అంటే, నేను మధ్యలో తెచ్చి పడేశానేమోనని."

"అలా అని కాదు..."

"చెప్పుల మట్టి కూడా చూసే ఉంటారు. మీరు ఆఫీసుకెళ్ళాక నేనూ రోజూ వెతికాను. గరిటెతో. నాకు మెషీను లేదు కదా." గోడ మీద బట్టలు దించి పెట్టింది. "ఇంతకీ ఏమందండీ మీ మెషీను? మోగకపోతే నేను దొంగనా, కాదా?"

"కాదు! కాదని తేలిపోయింది" అన్నాను. సంతోషంగానే అన్నాను. నిజంగా ఆ క్షణాన నాకు సంతోషంగా ఉంది, అదే నా ఖర్మ.

"తేలిందా? మంచిది. అయితే ఇక దానితోనే కాపురం చెయ్యండి."

బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

27, గురువారం

మాట లేదు. అన్నం బల్ల మీద పెట్టి ఉంటుంది, మనిషి ఉండదు. నేనేం తప్పు చేశాను? మోగలేదంటే ఆమె చెప్పిందే నిజమని కదా! ఆమె తరఫున రుజువు దొరికిందని కదా! దీనికి కోపం ఎందుకో నాకు బొత్తిగా అర్థం కావడం లేదు.

28, శుక్రవారం

నిన్న అర్థం కావడం లేదని రాశాను. అవుతోంది. మోగి ఉంటే ఏం చేసేవాణ్ణి? గుల్ల మట్టిలో, ఏదో తేడా వచ్చి, కుయ్యిమని ఉంటే? ఆమెను దొంగ అని ఉండేవాణ్ణా? ఒక తుప్పు మేకు చేతిలో మా ఆవిడ పరువు పెట్టాను. రాత్రి ముందుగదిలో పడుకుంటోంది. నడుం నొప్పట.

క్షమించమని అడగాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు.

30, ఆదివారం

అన్నయ్యకు కబురు చేశాను. వదిన ఒక్కతే వచ్చింది. ఉంగరం ఆమె చేతిలో పెట్టింది మా ఆవిడే.

వదిన ఒక్క నిమిషం దాన్ని చూసి, వేలికి పెట్టుకోకుండానే, మా ఆవిడను పట్టుకుని భోరుమంది. "నా నోరు మంచిది కాదే చెల్లీ. కాల్చి వాతలు పెట్టినా పాపం లేదు. తప్పయిపోయింది" అంది. ఎక్కడ దొరికింది, ఎంత లోతున, ఏ కాయిల్‌తో, ఒక్కటి అడగలేదు. మధ్యలో ఇన్నాళ్ళు ఎక్కడుందని అడగలేదు. ఉంగరం చూసింది, నమ్మేసింది, ఏడ్చేసింది. అనుమానించింది ఆవిడ. వెనకేసుకొచ్చింది నేను. మళ్ళీ పాతిపెట్టి చూసింది కూడా నేనే.

మా ఆవిడ కూడా ఏడ్చింది. ఇద్దరూ ఒకరి కళ్ళు ఒకరు తుడుచుకున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను, నన్నెవరూ రమ్మనలేదు.

టీ తాగుతూ వదిన అడిగింది. "నేనంటే పరాయిదాన్ని, నాలుగు మాటలన్నాను. మా మరిదేమన్నా అన్నాడా నిన్ను? అనుమానపడ్డాడా?"

నేను కిటికీ ఊచ పట్టుకున్నాను.

"ఆయనా?" అంది మా ఆవిడ. "ఒక్క పూట కూడా లేదక్కా. మొదటి రోజే, నువ్వు చెప్పావు కదా, ఇంకేం కావాలి అన్నారు. దొరికిన వెంటనే గోడ దూకి పరుగెత్తుకొచ్చి నా చేతిలో పెట్టారు."

"అదృష్టవంతురాలివే" అంది వదిన, నా వైపు మెచ్చుకోలుగా చూసి.

గొంతు తొణకలేదు, రెప్ప కొట్టలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అబద్ధం చెప్పగా నేను వినలేదు. నా పరువు కోసం చెప్పింది. కాళ్ళ మీద పడాలనిపించింది. అంతలోనే, దేవుడా, నేను కావాలని అనుకోలేదు, దానంతట అదే వచ్చింది ఆ ఆలోచన: ఎంత నున్నగా చెప్పింది! ఇంత బాగా చెప్పగలిగిన మనిషి, ఆ గరిటె సంగతి కూడా...

సరిగ్గా అప్పుడే తల తిప్పి నన్ను చూసింది. నా ముఖంలో ఏం కనబడిందో నాకు తెలుసు. తలుపు దగ్గర వేసిన నా మెషీను వైపు కూడా ఒకసారి చూసి, వదిన కప్పులో ఇంకొంచెం టీ పోసింది.